అధిక శ్రావణంలో థర్డ్ పార్టీ

2022 జూన్‌లో నన్ను నారాయణఖేడ్‌కు బదిలీ చేశారు. ప్రభుత్వ రంగంలోని ఒక సాధారణ బీమా కంపెనీలో స్కేల్ వన్ అధికారిగా అది నా చివరి పోస్టింగు. సాధారణ బీమా అంటే ప్రాణానికి కాక వాహనానికీ, ఇంటికీ, పశువుకూ, దుకాణంలో సరుకుకూ చేసే బీమా. ఖేడ్‌లో మాది మైక్రో ఆఫీసు. ఒక్క మనిషితో నడిచే ఆఫీసుకు మా కంపెనీ పెట్టుకున్న పేరు అది. బస్సు డిపోకు కొద్ది దూరంలో, ఎరువుల దుకాణం పై అంతస్తులో ఒక గది, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, నేను. పొద్దున తాళం తీసేదీ నేనే, పాలసీ రాసేదీ నేనే, క్లెయిము తీసుకునేదీ నేనే, కింది నుంచి వచ్చే పురుగుమందు వాసన పీల్చేదీ నేనే.

నేను సిద్దిపేట మనిషిని. హైదరాబాదులో టైపిస్టుగా చేరి, పరీక్షలు రాసి అధికారినయ్యాను. రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు ఖేడ్‌కు వేశారని తోటివాళ్లు జాలిపడ్డారు. నాకు మాత్రం అక్కడ హాయిగా ఉండేది. పై అధికారి యాభై మైళ్ల అవతల ఉండేవాడు. ఎదుటి మనిషి మనసులో మాట దాచుకోకుండా మొహం మీదే చెప్పేవాడు. ఈ రెండూ ఉన్నచోట పని చేయడం తేలిక.

చిరాకు తెప్పించింది ఒక్క మాటే: ఫుల్. కారు కొన్న ప్రతివారూ మెట్లెక్కి వచ్చి, ఇంకా కుర్చీలో కూర్చోకుండానే "ఫుల్ చెయ్యి మేడం" అనేవారు. లేకపోతే "పోలీసోళ్లకు చూపెట్టెటి కాగితమియ్యి, గంతే చాలు" అనేవారు. వాళ్ల దృష్టిలో కారు బీమా ఈ రెండే రకాలు. ఒకటి గొప్పది, ఒకటి దండగది.

నేను ఓపిగ్గా విడమర్చి చెప్పేదాన్ని. పోలీసులకు చూపించే కాగితమని మీరనేది థర్డ్ పార్టీ బీమా. పాలసీ తీసుకున్న యజమాని మొదటి పక్షం, కంపెనీ రెండో పక్షం. మీ బండి వల్ల దెబ్బతిన్న బయటి మనిషి మూడో పక్షం. ఆ మనిషికి మీరు కట్టాల్సిన నష్టపరిహారాన్ని మీ తరఫున కంపెనీ కడుతుంది. చట్టం తప్పనిసరి చేసింది దీన్ని ఒక్కదాన్నే. మీ సొంత కారుకు ప్రమాదంలోనో, మంటల్లోనో, వరదలోనో, దొంగతనంలోనో జరిగే నష్టానికి ఇచ్చేది ఓన్ డ్యామేజ్. ఈ రెండూ కలిపితే ప్యాకేజీ పాలసీ. మీరు ఫుల్ అనేది దాన్నే, కానీ అది ఫుల్ కాదు. బంపర్ పగిలితే అది ప్లాస్టిక్ కాబట్టి సగం విలువ కోస్తాం. ఆ కోత వద్దంటే జీరో డిప్రిసియేషన్ అనే అదనపు కవరు తీసుకోవాలి. వరదనీళ్లలో ఆగిన ఇంజన్‌ను మళ్లీ స్టార్టు చేసి పాడుచేసుకుంటే దానికి ఇంకో కవరు. నడిపే యజమాని ప్రాణానికి వ్యక్తిగత ప్రమాద బీమా వేరే. తాగి నడిపినా, లైసెన్సు లేకుండా నడిపినా సొంత బండికి ఏమీ రాదు.

ఇంతా విని చివరికి "సరే మేడం, ఫుల్ చెయ్యి" అనేవారు.

అంజయ్య మొదటిసారి వచ్చింది 2023 జూలైలో. మనూర్ దారిలో ఒక ఊరు అతనిది. యాభై ఏళ్లుంటాయి. మూడెకరాల మెట్ట, బోరు కింద ఒక ఎకరం, ఒక ట్రాక్టరు. ఖేడ్‌లో ఉండే వెంకటేశం సార్ అనే ప్రభుత్వ ఉపాధ్యాయుడి దగ్గర పాత కారు కొన్నాడు. దాని పాలసీ మా ఆఫీసు రాసిందే. ఆ కాగితం నా బల్ల మీద పరిచి, ఇది ఫుల్లేనా అని అడిగాడు. ప్యాకేజీ పాలసీయే, గడువు ఇంకా ఏడు నెలలుంది అని చెప్పాను. రిజిస్ట్రేషన్ మీ పేరుకు మార్చుకుని, పాలసీ కూడా మార్చమని పద్నాలుగు రోజుల్లో దరఖాస్తు ఇవ్వండి అన్నాను.

"ఇప్పుడెట్లయితది మేడం, ఆషాఢం గద," అన్నాడు అంజయ్య. "శ్రావణంల శుక్రవారం నాడు బోరంచకు తోల్కపోయి నల్లపోచమ్మ ముంగట పూజ చేపిస్త. అప్పటిదాంక మా పేరు మీదికి ఏదీ మార్పియ్యొద్దన్నది మా అమ్మ."

పేరు మార్పుకు కావలసిన ఫారాల మీద వెంకటేశం సార్ సంతకాలు అప్పటికే చేసి ఇచ్చాడట. అంజయ్య వాటిని దేవుని పటం వెనక పెట్టి ఉంచాడట. ఆ మాటకు నాకు నవ్వొచ్చింది. సరే అన్నాను. ఈలోగా ఏదైనా జరిగితే ఏమవుతుందో అప్పుడే చెప్పి ఉండాల్సింది. వెనక ఇద్దరు మనుషులు నిలబడి ఉన్నారని చెప్పలేదు. అది నా తప్పు, ఇప్పటికీ ఒప్పుకుంటాను.

ఆ ఏడు పంచాంగం కూడా మా ఇద్దరి మీద కక్ష కట్టినట్టు నడిచింది. ఆషాఢం పోయి శ్రావణం వచ్చింది గానీ వచ్చింది అధిక శ్రావణం. అధిక మాసంలో శుభకార్యం చేయరు. నిజ శ్రావణం వచ్చేదాకా ఇంకో నెల ఆగాలి. పేరు మాత్రమే ఆగింది, కారు ఆగలేదు. విత్తనాలకూ, మందులకూ, మనూర్ సంతకూ అంజయ్య దాంట్లోనే తిరుగుతున్నాడు.

ఆగస్టు మొదట్లో ఒక శుక్రవారం పొద్దున అతను మళ్లీ మెట్లెక్కాడు. మొహం వాడిపోయి ఉంది. కారు ముందు బంపర్ పగిలింది, ఎడమ లైటు పోయింది, ఫుల్ ఉంది కాబట్టి క్లెయిము రాయమన్నాడు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. క్లెయిము వస్తుందా రాదా అన్నది మనసులో తెలిసినా నోటిమాటతో పంపించకూడదు. ప్రమాదం ఎప్పుడు, ఎక్కడ, ఎట్లా జరిగిందో, ఎవరు నడిపారో క్లెయిము కోరే మనిషి చేతనే రాయించుకోవాలి. దాన్ని ఇంటిమేషన్ అంటాం. దాని మీద అందిన తేదీ ముద్ర వేసి, నంబరు ఇచ్చి, రాకపోతే కారణం కాగితం మీద రాసి తిరస్కరించాలి. కొత్తలో ఒక సీనియర్ అధికారి తిట్టి నేర్పిన పద్ధతి. నేను ఏనాడూ తప్పలేదు. అంజయ్యకు తెల్లకాగితం ఇచ్చాను. అక్షరాలు కూడబలుక్కుంటూ అరపేజీ రాశాడు. ముద్ర వేశాక చదివాను.

మంగళవారం సాయంత్రం మనూర్ నుంచి వస్తూ, ఊరి మోరి దగ్గర తన పొలం బాటకు మళ్లుతుంటే, ఎదురుగా మోపెడ్ మీద వస్తున్న సామేలు మేస్త్రికి బండి తగిలిందని రాశాడు. తానే నడుపుతున్నానని రాశాడు.

మనిషికేమైంది అని అడిగాను.

"కాలిరిగింది మేడం. నేనే బండ్లేసుకోని ఖేడ్ దవాఖానకు తోల్కొచ్చిన. ఆడికెంచి సంగారెడ్డి పంపిండ్రు. రాడ్ ఏసిండ్రు," అన్నాడు. తర్వాత చెయ్యి ఊపేశాడు. "గది మేం మేం చూసుకుంటం. సామేలు నాకు తమ్మునసొంటోడు. మా ఇల్లు కట్టిందే వాడు. ఆదివారం పంచాయితిల కూసుంటున్నం. నువ్వు బంపర్ సంగతి చెప్పు."

బంపర్ రాదని చెప్పాను. పాలసీ వెంకటేశం సార్ పేరు మీద ఉంది. బండి అమ్మేశాడు కాబట్టి బంపర్ పగిలితే సార్‌కు నష్టం లేదు. నష్టపోయిన మీకేమో కంపెనీతో ఒప్పందం లేదు. ఓన్ డ్యామేజ్ భాగం కొన్నవారి పేరుకు దానంతటదే మారదు, అడిగి మార్పించుకోవాలి అన్నాను.

"బండి ఇంక నాది కాలే మేడం, మంచి దినం రాలే. ఊకె నడుపుతున్న," అన్నాడు.

"మరి నీది కాని బండి బంపర్ నువ్వెట్ల అడుగుతున్నవు?" అన్నాను. ఎంత పుస్తకాల భాష అలవాటైనా కోపం వస్తే నాకు మా సిద్దిపేట మాటే వస్తుంది.

కాసేపు ఆలోచించి ఇంకో ఉపాయం చెప్పాడు. తాను రాసిన కాగితం చింపేసి, వెంకటేశం సారే నడిపినట్టు, గోడకు గుద్దినట్టు సార్‌తో రాయిస్తాడట. సార్ మంచోడు, కాదనడట. ముద్ర పడిన కాగితం చింపేది లేదని, అబద్ధపు క్లెయిము రాసిన రోజు ఇద్దరి మీదా నేనే ఫిర్యాదు ఇస్తానని చెప్పాను. అతను కోపంగా లేచాడు. కూర్చోమన్నాను. అప్పటికి నాకు బంపర్ మీద ధ్యాస లేదు.

దవాఖానలో ఏమని చెప్పారు అని అడిగాను.

అంజయ్య తల దించుకున్నాడు. సామేలు భార్య మార్తమ్మ వెంట ఉందట. యాక్సిడెంటు అంటే పోలీసులు వస్తారు, అంజయ్య బావ మీద కేసవుతుంది అని భయపడి, గోడ కడుతూ పరంజా మీది నుంచి పడ్డాడని డాక్టరుకు చెప్పిందట. సామేలు కూడా నొప్పిలోనే తల ఊపాడట. చీటీ మీద అట్లాగే రాశారు.

పంచాయితీలో ఏం తేలబోతోందని అడిగితే అప్పుడు చెప్పాడు. సామేలు మళ్లీ పరంజా ఎక్కగలడో లేదో తెలియదు. ఇద్దరు ఆడపిల్లలు చదువుకుంటున్నారు. అందుకని బోరు కింది ఎకరం సామేలు పేర రాసిస్తానని పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నాడు. స్టాంపు కాగితం కూడా తెచ్చారు. ఆదివారం సంతకాలు.

నాకు ఒళ్లు మండింది. అతని మీద కాదు, జరుగుతున్న దాని మీద. ఆ ఇంటికి తిండి పెడుతున్నది ఆ ఒక్క ఎకరమే. ఆ పాలసీలో తనకు రాని భాగం కోసం ఈ మనిషి అరవై మెట్లు ఎక్కినట్టు ఆయాసపడుతూ వచ్చాడు. ఎవరి పేరు మీద ఉన్నా పనిచేసే భాగాన్ని చేత్తో తోసేస్తున్నాడు. థర్డ్ పార్టీ భాగానికి మంచి రోజుతో పని లేదు. బండి చేతులు మారినా అది బండితోనే పోతుంది. దెబ్బతిన్న మనిషికి బండి ఎవరిదన్న తగాదాతో నష్టం కలగకూడదని చట్టం అట్లా రాసుకుంది. అయితే అది కదలాలంటే పోలీసు కేసు కావాలి. ఎఫ్.ఐ.ఆర్. లేకపోతే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో పిటిషన్ నిలబడదు. ఊళ్లో రాజీ కాగితం రాసుకుంటే, దవాఖాన చీటీలో పరంజా అని ఉంటే, ఇక ఆ తలుపు మూసుకున్నట్టే.

లైసెన్సు ఉందా అని అడిగాను. అది లేకపోతే ఈ భాగంలో కూడా కంపెనీ పేచీ పెట్టొచ్చు. ట్రాక్టర్ నడపడానికి ఏళ్ల కిందట తీసుకున్న లైసెన్సు చూపించాడు. తేలికపాటి మోటారు వాహనాల లైసెన్సు, గడువు ఉంది, కారుకూ చెల్లుతుంది. ఆరోజు విన్న మొదటి మంచి మాట అదే.

ఆదివారం మధ్యాహ్నం షేర్ ఆటోలో వాళ్ల ఊరు పోయాను. అధికారిగా నేను వెళ్లాల్సిన పని లేదు. టి.ఏ. బిల్లు పెట్టలేదు, పెడితే ఏ పద్దు కింద పెట్టాలో కూడా తెలియదు. చర్చిలో ఆరాధన ముగిసిన తర్వాత దాని వరండాలోనే అందరూ కూర్చున్నారు. సామేలు వాళ్లది తాతల కాలం నుంచీ మెథడిస్టు కుటుంబం. అంజయ్య తరఫువాళ్లు చెప్పులు విప్పి అదే చాప మీద ఒక పక్క కూర్చున్నారు. రెండు వైపులా ఒకరి మీద ఒకరికి కోపం లేదు. అదే నా పనిని కష్టం చేసింది. కోపం ఉంటే ఎప్పుడో కేసు పెట్టుకునేవాళ్లు.

నేను చెప్పాల్సింది చెప్పాను. అంజయ్య మీద కేసు పెట్టండి. అతను చేసింది అజాగ్రత్తగా నడపడం, దానికి స్టేషన్‌లోనే బెయిలు ఇస్తారు, తర్వాత మేజిస్ట్రేటు వేసే జరిమానాతో పోవచ్చు. కారును రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు పరీక్ష చేశాక ఇచ్చేస్తారు. ఆ తర్వాత సామేలు ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేయాలి. దాంట్లో నడిపిన అంజయ్య, రిజిస్ట్రేషన్ ప్రకారం యజమాని అయిన వెంకటేశం సార్, మా కంపెనీ ముగ్గురూ ప్రతివాదులు అవుతారు. తేలిన పరిహారం కంపెనీ కట్టాలి. ఇస్తారని నేను మాట ఇవ్వలేను, కానీ అడిగే దారి అది ఒక్కటే అన్నాను.

పెద్దమనిషి ఒకాయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇన్సూరెన్సోళ్లే వచ్చి మా మీద కేసు పెట్టుండ్రి అంటున్నరంటె ఇండ్ల ఏదో మతలబుంది," అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నిజం చెప్పాలంటే, ఆయన స్థానంలో ఉంటే నేనూ అట్లాగే అనేదాన్ని.

మార్తమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చుంది. నలభై దాటిన మనిషి. సంగారెడ్డి దవాఖానలో సామేలు దగ్గర పెద్ద కూతురిని ఉంచి ఆ పొద్దున్నే బస్సులో వచ్చింది.

"ఏ మొఖంతోటి పెట్టాలె మేడం కేసు?" అంది. "ఎత్తుకపోయినోడు అంజయ్య బావనే. రాత్రంత దవాఖాన బయట కూసున్నోడు బావనే. ఇయ్యాల ఠాణాల వాని పేరు చెప్పాల్నా?"

చట్టం నాకు వచ్చు గానీ దానికి చట్టంలో జవాబు లేదు. అందుకని ఒకే ఒక్కటి అడిగాను. ఆ ఎకరం తీసుకున్నాక రేపటి నుంచి అతని మొహం ఎట్లా చూస్తావు అన్నాను.

అంజయ్య తల్లి, ఆషాఢంలో పేరు మార్పించొద్దన్న ముసలామె, కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. మార్తమ్మ ఆమె వైపు చూసింది. తర్వాత లేచి నిలబడి చీర కుచ్చిళ్లు సర్దుకుంది.

"దవాఖానల అబద్ధం చెప్పింది నేనే," అంది. "ఇగ నిజం గూడ నేనే చెప్త. నడువు బావా, ఠాణా చూపెట్టు. నాకు తెల్వది."

ఫిర్యాదు ఇవ్వడానికి మార్తమ్మను పోలీస్ స్టేషన్‌కు తీసుకుపోయింది నిందితుడే. ఎస్.ఐ. ముందు ఇద్దరూ పక్కపక్కన నిలబడితే, ఇందులో ఫిర్యాది ఎవరు, ముద్దాయి ఎవరు అని ఆయన రెండుసార్లు అడిగాడట. ఈ సంగతి తర్వాత అంజయ్యే నాకు చెప్పాడు. అతన్ని అప్పుడు బాధించింది కేసు కాదు. పూజ కూడా కాని బండిని స్టేషన్ ఆవరణలో రేగుకంప పక్కన పెట్టడం.

సోమవారం వెంకటేశం సార్‌కు ఫోను చేశాను. అమ్మిన బండికి నేనెందుకు ముద్దాయిని అని ఆయన గాభరాపడ్డాడు. రిజిస్టరులో పేరు మారేదాకా చట్టం దృష్టిలో యజమాని మీరేనని, మీ పాలసీ మీ తరఫున నిలబడుతుందని, కోర్టు కాగితం వస్తే దాచుకోకుండా నాకు పంపమని చెప్పాను. సంతకాలు పెట్టి చేతిలో పెడితే చాలనుకున్నాను మేడం, పిల్లలకు ఫారాలు నింపడం నేర్పేవాడిని నేనే అన్నాడు. పాపం, ఆయన గొంతు విని నాకు నవ్వాలో ఓదార్చాలో తెలియలేదు.

డివిజనల్ మేనేజరు ఫోను బుధవారం వచ్చింది. నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, తెలివైనవాడు, మర్యాదస్తుడు. మనం క్లెయిములు తగ్గించుకోవాలని మీటింగుల్లో మాట్లాడుకుంటుంటే మీరు ఊళ్లకు పోయి పెట్టిస్తున్నారట, నిజమేనా మేడం అన్నాడు. నిజమేనన్నాను. లేని ప్రమాదం నేను పుట్టించలేదు, ఉన్న ప్రమాదాన్ని దాచొద్దన్నాను, ఆ భాగానికి ప్రీమియం మనమే తీసుకున్నాం అన్నాను. దవాఖాన చీటీలో పరంజా అని ఉంది, ఐదు రోజులు ఆలస్యంగా ఎఫ్.ఐ.ఆర్., మన వకీలు ఊరుకోడు మేడం అన్నాడు.

అది నిజమే. వేరే చోట పడి కాలు విరిగిన మనిషిని తెచ్చి, బీమా ఉన్న బండి కింద పడ్డాడని చూపించే కేసులు మా వృత్తిలో ఉంటాయి. ఏ కంపెనీ అయినా అనుమానించక తప్పదు. ఆ అనుమానానికి జవాబు నా బీరువాలోనే ఉంది. ఎఫ్.ఐ.ఆర్. కంటే రెండు రోజుల ముందు, సామేలు సంగతి ఎవరూ అడగకుండానే, కేవలం బంపర్ కోసం అంజయ్య తన చేత్తో రాసిన అరపేజీ. దాని మీద మా ఆఫీసు ముద్ర, తేదీ, నంబరు. పరిహారం కోసం కథ అల్లే మనిషి పరిహారం ప్రస్తావన లేకుండా అట్లా రాయడు. ఓన్ డ్యామేజ్ క్లెయిమును కారణం రాసి తిరస్కరించాను. అదే ఫైలు నకలును నా నివేదికతో కలిపి డివిజనల్ ఆఫీసుకు పంపాను. నివేదికలో నేను ఊరికి పోయిన సంగతి కూడా రాశాను. దాచొద్దని వాళ్లకు చెప్పి నేను దాస్తే బాగుండదు కదా.

కంపెనీ ఇన్వెస్టిగేటర్‌ను వేసింది. ఆయన మోరి దగ్గర కొలతలు తీశాడు. మోపెడ్ హ్యాండిల్‌కు అంటుకున్న కారు రంగును ఫోటో తీశాడు. మార్తమ్మను రెండు గంటలు ప్రశ్నించాడు. ఆమె ప్రతి ప్రశ్నకూ మొదట, దవాఖానల నేను అబద్ధం చెప్పిన సార్ అని మొదలుపెట్టి తర్వాత జవాబు చెప్పిందట. ఆయన నాతో అన్నాడు, ఇరవై ఏళ్లలో ఇట్లాంటి సాక్షిని చూడలేదని.

ఆ మధ్యలోనే నిజ శ్రావణం వచ్చింది. అంజయ్య ఠాణా నుంచి బండిని విడిపించుకుని, సొంతంగా బంపర్ వేయించుకుని, బోరంచకు తీసుకుపోయి పూజ చేయించి, మర్నాడే ఫారాలతో నా దగ్గరకు వచ్చాడు. కొబ్బరి ముక్కలు బల్ల మీద పెట్టి, ఇప్పుడన్న మార్చు మేడం అన్నాడు. కేసు కాగితాలు చూపించి రిజిస్ట్రేషన్ మార్పించుకోవడానికి ఇంకొన్ని వారాలు తిరిగాడు. అదయ్యాక పాలసీ మార్చి ఇచ్చాను. జీరో డిప్రిసియేషన్ తదుపరి రెన్యువల్‌కు తీసుకుంటానని, నన్ను గుర్తుచేయమని మూడుసార్లు చెప్పాడు.

సామేలు ఆరు నెలలు కర్రతో నడిచాడు. తర్వాత కర్ర వదిలేశాడు గానీ పరంజా ఎక్కడం తగ్గించి, కింద నిలబడి పని చేయించడం మొదలుపెట్టాడు. మరుసటి ఏడు, నా రిటైర్మెంటుకు కొద్ది నెలల ముందు, కేసు లోక్ అదాలత్‌కు వచ్చింది. అంటే వాదనలు సాగదీయకుండా రెండు పక్షాలూ జడ్జి సమక్షంలో కూర్చుని తేల్చుకునే రోజు. మా కంపెనీ అంగీకరించిన పరిహారం సామేలు ఒప్పుకున్నాడు. సంతకాలయ్యాక జడ్జి, కాలు అట్లా ఉంది కదా, ఇంత దూరం ఎట్లా వచ్చావు అని సామేలును అడిగాడు.

"అంజన్న బండిల్నే సార్," అన్నాడు సామేలు. "ప్రతి వాయిదకు గాయిననే తోల్కొస్తుండు."

జడ్జి ప్రతివాది అంజయ్య వైపు చూసి నవ్వాడు. మా వకీలు కూడా నవ్వాడు. అంజయ్య మాత్రం నవ్వలేదు. బయటికి వచ్చాక, బంపర్ పైసల సంగతి జడ్జి సార్‌ను అడిగితే బాగుండునా అని నన్ను పక్కకు పిలిచి అడిగాడు. నాకు ఆరోజు ఎంత సంతోషం కలిగిందంటే, అతని మీద కోపం కూడా రాలేదు. బోరు కింది ఎకరంలో ఆ వానాకాలం పెసరు వేశాడని తర్వాత తెలిసింది.

ఈ సంఘటన నాకు నేర్పింది ఇది. ముప్పై ఏళ్లకు పైగా నేను కారు బీమాను ఒకే వరుసలో వివరించాను: మీ బండికి ఏమొస్తుంది, ఎంత కోస్తాం, ఏ కవరు కలిపితే ఏం పెరుగుతుంది. థర్డ్ పార్టీని చట్టం అడిగిన లాంఛనంలా మొదట్లోనే చెప్పి ముందుకు పోయేదాన్ని. ఖేడ్ వాళ్లు దాన్ని పోలీసు కాగితం అన్నారంటే తప్పు వాళ్లది మాత్రమే కాదు, అమ్మినవాళ్లదీ. దెబ్బతిన్న మనిషి పరాయివాడైతే కేసు దానంతటదే పడుతుంది, పాలసీ పనిచేస్తుంది. దెబ్బతిన్నది సొంత మనిషి అయితేనే ప్రేమతో అబద్ధం చెప్పుకుని, ప్రేమతో భూమి రాసిచ్చి, రెండు ఇళ్లూ మునుగుతాయి. మా క్లెయిము ఫారంలో మొదటి గడి బండి నంబరు. నేను ఆ తర్వాత ఫారం తీయడానికి ముందే రెండు ప్రశ్నలు అడిగేదాన్ని: మనిషికి ఎవరికన్నా తాకిందా, దవాఖానల ఏమని చెప్పిండ్రు. తాళాలు అప్పగించిన రోజు నా తర్వాత వచ్చిన అధికారికి కూడా ఈ రెండూ చెప్పాను. బండి నంబరు మూడోది.